నాన్న లెన్సులో ఫిల్ము పొరలు

కాశీబుగ్గ, పలాస.

అన్నయ్యకు,

పద్మ నమస్కారాలు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ, చిన్నాడు కూడా అలాగే ఉన్నారని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అమ్మ మోకాలి నొప్పికి కొత్త నూనె పడిందా? చిన్నాడికి ముందు పళ్ళు మొలిచాయా, ఇంకా బోసినోటితోనే పెత్తనం చేస్తున్నాడా?

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఈ పెట్టెలో ఉత్తరం కింద పసుపు గుడ్డలో చుట్టిన పొట్లం ఉంది. దాన్ని ఇప్పుడే విప్పకు. నీ సంగతి నాకు తెలుసు, శుభలేఖ ఇచ్చినా భోజనాలు ఎక్కడో ముందు చూసి పెళ్ళి ఎవరిదో తర్వాత చూస్తావు. ఈ ఒక్కసారికి నా మాట విను. ఉత్తరం మొత్తం చదివాకే పొట్లం విప్పు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేశాను. మూడుసార్లు చేశాను. చెప్పాల్సింది నోటిదాకా వచ్చేసరికి నువ్వు "సరే సరే, కొట్లో జనం ఉన్నారు" అనేవాడివి. నేను కూడా గండం గడిచినట్టు "సరే" అని పెట్టేసేదాన్ని. ఉత్తరం అయితే నువ్వు మధ్యలో సరే అనలేవు, నేను మధ్యలో పారిపోలేను.

నువ్వు అడిగినదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. నాన్న ఫొటో స్టూడియో గది సెల్ ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళకి ఇచ్చెయ్యనా, లేక నువ్వొచ్చి నడుపుతావా, నెలాఖరులోగా తేల్చి చెప్పు అన్నావు. అంతటితో ఊరుకోకుండా "నాన్న పని నీకే వచ్చింది, నాకు కెమెరా గురించి ఏం తెలుసులే" అన్నావు. నువ్వు మామూలుగానే అన్నావు. నాకు మాత్రం అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు.

ముందు ఇక్కడి కబుర్లు చెప్పనీ. గది మళ్ళీ మార్చాను. ఎనిమిది నెలల్లో ఇది మూడోది. మొదటిది రైలు పట్టాల పక్కన. రెండోది జీడిపప్పు ఫ్యాక్టరీ వెనకాల. జీడిపిక్కలు కాల్చే వాసన మొదటి రెండు రోజులూ బాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి దిండుకీ, జడకీ, చివరికి పెరుగన్నానికీ అదే వాసన. ఇప్పుడున్నది మేడమీద గది. గాలి వస్తుంది, ఇంటివాళ్ళు మంచివాళ్ళు. అయినా నిన్న ఇంకో వీధిలో "గది అద్దెకు ఇవ్వబడును" అన్న బోర్డు చూసి ఆగాను. తప్పు గదులది కాదని నాకు తెలుసు.

అమ్మకి చెప్పు, నేను క్యాన్ నీళ్ళే తాగుతున్నాను. ఉద్దానం అన్న మాట వింటే చాలు అమ్మకి కిడ్నీలే గుర్తొస్తాయి. పల్లెల్లోకి పనిమీద వెళ్ళినా సంచిలో నా సీసా నాకుంటుంది. ఈ మాట చెప్పడం ఇది నాలుగోసారి, అయిదోసారి కూడా చెబుతాను.

తిండికి లోటు లేదు. చోడంబలి, అదే మన రాగి అంబలి, అలవాటైంది. పనసకాయ కూర వీళ్ళు వండినట్టు మనవైపు ఎవరూ వండలేరు, వదినతో అనకు. కానీ ఆవకాయలో బెల్లం వేస్తారు అన్నయ్యా. మొదటిసారి నోట్లో పెట్టుకుని ఎవరో పొరపాటున వేశారనుకున్నాను. వదిన ఈసారి గోంగూర పచ్చడి పెడితే ఒక సీసా పంపించమను. మూత గట్టిగా బిగించమను.

మా స్టూడియో ఆయన తవిటయ్య గారు మంచివారే. పెళ్ళికూతుళ్ళ దగ్గర ఆడమనిషి అయితే ఇబ్బంది ఉండదని నన్ను పెట్టుకున్నారు. నా మాట వింటే ఆయనకి నవ్వు. "మీరు మాటాడితే వార్తలు సదివినట్టుంటాది మేడమ్," అంటారు. ఆయన మాటాడితే నాకు పాట విన్నట్టుంటుంది, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆయనకీ నాకూ ఒక్క విషయంలోనే పడదు. నాన్న లెన్సులు. నేను వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆ రెండూ, యాభై మిల్లీమీటర్లదీ, దూరం ఫొటోలకి వాడే పొడుగు నూట ముప్ఫై అయిదుదీ. ఇవి నా కొత్త కెమెరాకి నేరుగా పట్టవు. మధ్యలో ఒక ఇనప రింగు బిగించాలి. బిగించినా కెమెరాకి లెన్సు ఉన్న సంగతే తెలియదు. లెన్సు లేదు, ఫొటో తియ్యను అని మొండికేస్తుంది. మెనూలోకి వెళ్ళి "లెన్సు లేకపోయినా తియ్యి తల్లీ" అని ఒప్పించాలి. వెలుతురు మనమే చూసుకోవాలి, పదును, అంటే ఫోకస్, మనమే తిప్పుకోవాలి. తవిటయ్య గారికి ఇదంతా చాదస్తం.

నాకు మాత్రం లెన్సు మీది ఆ పదును రింగు తిప్పుతుంటే ఒళ్ళు తేలికపడుతుంది. నెయ్యి గిన్నెలో గరిటె తిప్పినట్టు బరువుగా, మెత్తగా తిరుగుతుంది. కొత్త లెన్సులు వాటంతట అవే పదును వెతుక్కుంటాయి గానీ ఒక్కోసారి పెళ్ళికూతురి ముక్కుపుడక మీద ఆగిపోతాయి. నేను కంటి మీద ఆపుతాను. ఇక్కడి పెళ్ళికూతుళ్ళు ఆ ఫొటోలు చూసుకుని "ఇది నానేనా?" అని అడుగుతారు. ఎనిమిది నెలలూ అలా గడిచాయి. అన్నీ దగ్గరి ముఖాలే కాబట్టి ఏ తేడా బయటపడలేదు.

ఒక్క నిమిషం. కిందికి వెళ్ళి టీ తాగి వచ్చాను.

కిందటి నెల సముద్రంలో వేట నిషేధం తీసేశారు. కొత్త బోట్లు నీళ్ళలోకి దించే రోజులివి. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డు పల్లెలో నూకాలమ్మ అని ఒకావిడ, చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగి కొడుకుని పెంచింది. ఆ కొడుకు ఎర్రయ్య గుజరాత్ వెళ్ళి ఏళ్ళ తరబడి ఎవరి బోట్ల మీదో పనిచేసి, ఇప్పుడు సొంత బోటు కొనుక్కున్నాడు. దాని పూజకి ఫొటోలు కావాలని వచ్చింది. అదే రోజు నందిగాంలో పెళ్ళి. స్టూడియోలో ఉన్న ఒక్క పొడుగు లెన్సూ పెళ్ళికి వెళ్ళాలి.

"బోటు పూజ ఒగ్గీమంటారా? ఆళ్ళకి సెప్పీనా?" అన్నారు తవిటయ్య గారు.

"నా దగ్గర నూట ముప్ఫై అయిదు ఉంది కదండీ," అన్నాను పౌరుషంగా.

ఆ ఇంటివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బోటు ముక్కుకి పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, అందరూ కలిసి నీళ్ళలోకి తోస్తారు. మూడో కెరటం దాటాక బోటులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగి ఒడ్డుకి దండం పెడతారు. ఆ బోటు బతుకులో ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఎన్నిసార్లు వేటకి వెళ్ళినా, బయల్దేరాక వెనక్కి చూడరు. నూకాలమ్మకి కావాల్సింది ఆ ఫొటో. పసుపు, కొబ్బరికాయ, బంధువులు ఏవీ ఆవిడకి పట్టలేదు.

"ఆడు తిరిగినప్పుడే కొట్టాల తల్లీ. మల్లీ తిరగడు," అని నా చెయ్యి పట్టుకుని పదిసార్లు చెప్పింది.

నేను ధీమాగా ఉన్నాను. దూరం ఫొటోలకి నాన్న చెప్పిన పాఠం ఒకటుంది. నీకు చెప్పి ఉండడు కాబట్టి నేను చెబుతున్నాను. దగ్గరివాటికి కన్ను పెట్టి పదును చూసుకోవాలి. బాగా దూరంవాటికి అక్కర్లేదు, రింగు చివరిదాకా తిప్పేసి నొక్కెయ్యడమే. చివర అంటే ఇంక తిరగకుండా ఆగిపోయే చోటు. అక్కడ పెడితే కనుచూపు మేర అంతా పదునే. ఆ రోజు ఎండ కళ్ళలో పొడుస్తోంది, నీటి తుంపర అద్దం మీద పడుతోంది, చెమట కంట్లోకి కారుతోంది. కెమెరా తెరమీద ఏమీ కనబడలేదు. నాన్న చెప్పినట్టే చివరిదాకా తిప్పి పెట్టుకున్నాను. బోటు మొదటి కెరటం ఎక్కింది, రెండోది ఎక్కింది, మూడోది దాటింది. నలుగురూ తిరిగారు, చేతులెత్తారు. నేను బటన్ మీద నుంచి వేలు తియ్యలేదు. నూకాలమ్మ పక్కనుంచి "పడిందా? పడిందా?" అంటోంది. "పడిందమ్మా," అన్నాను.

సాయంత్రం స్టూడియోలో కంప్యూటర్లో పెట్టి చూస్తే ఒడ్డు దగ్గర నడుంలోతు నీళ్ళలో నిలబడ్డవాళ్ళ జుట్టు వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. బోటులో మాత్రం నలుగురు మనుషులున్నారని తెలుస్తోంది, అంతే. ముఖాలు లేవు. నలభై ఫొటోలు తీశాను, నలభైలోనూ లేవు.

తవిటయ్య గారు తల పట్టుకున్నారు. "నానేటి సెప్పినాను మేడమ్? ఆటో ఫోకస్ ఉండగా ఈ ఇనప డబ్బాలెందుకు మనకి? ఇంకోపాలి ఇలాటిది అయితే నా వల్ల కాదు."

నూకాలమ్మకి నేనే వెళ్ళి చూపించాను. తప్పించుకోబుద్ధి కాలేదు. ఆవిడ ఫొటో దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, పక్కవాళ్ళ కళ్ళజోడు అడిగి పెట్టుకుంది.

"ఇందులో నా కొడుకేడమ్మా? అందరూ పొగలాగున్నారు."

నేను తప్పు నాదే అన్నాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "పోన్లే తల్లీ, ఎండకి నీ కన్ను సెదిరిపోయుంటాది," అని నాకు మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను.

తప్పు నా కన్నుదా, చేతిదా, లెన్సుదా? అది తేలితేగాని అన్నం సహించేలా లేదు. మర్నాడు రైలు వంతెన ఎక్కి నిలబడి దగ్గరా దూరం అన్నీ తీసి చూశాను. నూట ముప్ఫై అయిదు అయితే ఓ యాభై గజాల దాకా పదును, ఆ తర్వాత ఎంత తిప్పినా మసక. యాభైది ఇంకా అన్యాయం, వీధి అవతలి బోర్డు కూడా చదవలేకపోయింది. మధ్య రింగుది తప్పేమో అనుకుని, స్టూడియోలో మూలపడి ఉన్న ఇంకో పాత లెన్సు అదే రింగుకి పెట్టి చూశాను. దూరం కొండ మీద చెట్లు కూడా పదునుగా వచ్చాయి. అంటే తేడా నాన్న లెన్సుల్లోనే ఉంది. రెండిటికీ ఒకటే జబ్బు.

లెన్సులు బాగుచేసేవాళ్ళు విశాఖపట్నం దాకా లేరు. టెక్కలిలో వాచీలు బాగుచేసే సింహాచలం గారు ఉన్నారు, చిన్న మరల పని ఆయన చేతిలో పెట్టొచ్చు అని ఎవరో చెబితే బస్సెక్కాను. పెద్దాయన. కంటికి భూతద్దం తగిలించుకుని, లెన్సు వెనక ఇనప చట్రాన్ని కాసేపు చూశారు.

"దీన్ని ఇదివరకే ఎవులో ఇప్పీసినారమ్మా."

"లేదండీ. మా నాన్న ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"మరైతే ఆయనే ఇప్పుంటారు. మర మీద ఒక్క గాటు నేదు. ఇప్పినోడు పనోడు."

మరలు తీసి చట్రం పైకెత్తారు. దాని కింద సన్నగా కత్తిరించిన నల్లటి ముక్కలు. ఆయన పట్టకారుతో ఒకటి తీసి వెలుతురుకి పెట్టారు. "ఓలమ్మా, ఇది ఫిల్మే కదేటి!" అన్నారు. నేను కూడా చూశాను. ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో నెగెటివ్ అన్నయ్యా. సగం చెవి, కొంచెం చొక్కా కాలరు. నాన్న ఎవరి చెవో కోసి లెన్సులో పెట్టాడు.

"కావాలనే ఎట్టినారమ్మా," అన్నారు సింహాచలం గారు. "ఈ పక్క మూడు పొరలు, ఆ పక్క రెండు. ఏదో ఒంకర సరి సేసినారు."

"లెన్సులో వంకరేం లేదు కదండీ?"

"లెన్సుది కాదు. ఇది తగిలించే కెమెరాది. ఆ కెమెరా ఎప్పుడో పడుంటాది. మూతి లోపలికి నొక్కుకుపోయి, లెన్సు ఫిల్ముకి దగ్గరైపోయుంటాది. అంత మేర ఈ పొరలతో ఎత్తు ఎట్టినారు. ఆ కెమెరాకి ఇది సరిగ్గా సూత్తాది. మీ కెమెరా మూతి బాగుంది కదా, అందుకే దూరం ఆనట్లేదు." భూతద్దం తీసి నవ్వారు. "ఎవులు పడీసినారో గాని, మీ నాన్నగారు తిట్టకుండా కుట్టేసినారు."

నేను నవ్వలేదు.

ఇంక దాటవెయ్యను. ఆ కెమెరా పడేసింది నేను.

నువ్వు కాదని నీకు తెలుసు. నేనని నీకు తెలియదు. లేక తెలుసా? తెలిసీ ఇన్నేళ్ళూ ఊరుకున్నావా? ఆ ప్రశ్న నన్ను ఇంకా తినేస్తోంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, నీకు పదమూడు. మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్ళాడు. నువ్వు లోపలి గదిలో ప్రింట్లు అంచులు కత్తిరిస్తున్నావు. కెమెరాకి నూట ముప్ఫై అయిదు తగిలించి ఉంది. దాంట్లోంచి రైలు స్టేషను గడియారం కనబడుతుందేమో చూద్దామని మెడలో వేసుకుని డాబా మెట్లెక్కాను. పట్టీ పొడుగు, కెమెరా మోకాళ్ళకి తగులుతోంది. మూడో మెట్టు మీద కాలికి అడ్డం పడింది. వొంగేసరికి పట్టీ తలమీదుగా జారింది. సిమెంటు మెట్టు మీద మూతి కిందకి పడింది. పగలలేదు. అద్దం బాగానే ఉంది. తుడిచి, తీసిన చోటే పెట్టేశాను.

సాయంత్రం నాన్న చేతికి తీసుకోగానే అంచు మీద చిన్న సొట్ట కనిపించింది. స్టూడియోలో ఉన్నది నువ్వు. "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను" అని రెండు చెంపలూ వాయించాడు. నువ్వు "నేను కాదు" అని రెండుసార్లు అన్నావు. మూడోసారి అనలేదు. నేను ఫొటోలకి వేసే తెర వెనక ఉన్నాను. ఆ తెర మీద కొలను, హంసలు. వెనకనుంచి చూస్తే హంసలు తిరగేసి కనబడతాయి. అదంతా ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది గానీ, నోరెందుకు తెరవలేదో మాత్రం నాకు తెలియదు. భయం అంటే సరిపోదు. మర్నాడు కూడా చెప్పొచ్చు, ఆ మర్నాడూ చెప్పొచ్చు. సెలవుల్లో నాన్న నిన్ను స్టూడియో మానిపించి మావయ్య ఎరువుల కొట్లో పెట్టిన రోజు చెప్పొచ్చు. నీ పెళ్ళికి ఫొటోలు నేను తీసినప్పుడైనా చెప్పొచ్చు. నువ్వు ఆ కొట్లోనే ఉండిపోయావు. నేను ఫొటోగ్రాఫర్ అయ్యాను. "నాన్న పని నీకే వచ్చింది" అన్నావు. వచ్చిందా? నీ దగ్గరనుంచి లాక్కున్నాను అన్నయ్యా.

రాసేసి బజారు దాకా నడిచి వచ్చాను. వాన చినుకులు పడుతున్నాయి. ఇక్కడ వాన కూడా ఉప్పగా ఉంటుందని ఒకరంటే నమ్మలేదు, ఇప్పుడు నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పగా లేదు. ఏదో ఒకటి పరీక్షించకుండా ఉండలేకపోతున్నాను, అంతే.

ఇంకొకటి ఉంది. టెక్కలినుంచి బస్సులో వస్తుంటే తట్టింది. ఆ గొడవ అయిన కొన్నాళ్ళకి నాన్న నన్ను పిలిచి, కెమెరా పట్టీ మడిచి ముడేసి నా మెడలో వేశాడు. "ఇప్పుడు మోకాళ్ళకి తగలదు" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. మోకాళ్ళకి తగిలిందని నాన్నకి ఎలా తెలుసు? తొమ్మిదేళ్ళప్పుడు అడగాలనిపించలేదు. ఆ తర్వాత ఎప్పుడూ గుర్తుకూడా రాలేదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ "ఏటమ్మా, వాంతొత్తందా?" అని అడిగిందంటే నా ముఖం ఎలా ఉందో చూసుకో.

నాన్నకి తెలిసింది. ఎలా తెలిసిందో నాకు తెలియదు. తెలిశాక రెండు లెన్సులూ విప్పి, ఫిల్ము కోసి, వంకర సరిచేశాడు. పట్టీ పొట్టి చేశాడు. నిన్ను మాత్రం పిలవలేదు. "నువ్వు కాదురా" అన్న ఒక్క మాట అనలేదు. నాన్న మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఆయన లేకపోయాక రావడం ఇంకా బాధగా ఉంది, ఎవరితో పోట్లాడను? నాన్న చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నీకు చెప్పాల్సిన ఇద్దరం చెప్పకుండా ఉండిపోయాం.

నూట ముప్ఫై అయిదులోంచి పొరలు తీయించేశాను. లోపల కాస్త బూజు కూడా పట్టింది. సింహాచలం గారు లెన్సు నా చేతికిస్తూ "రావివలసలో గుడి కప్పు నేకుండా ఉండీ ఎండల మల్లన్నలాగ దీన్నీ వారం రోజులు ఎండలో కూకోబెట్టండమ్మా, బూజు అదే సస్తాది," అన్నారు. మేడమీద పెట్టి, కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కూర్చున్నాను. వారం ఆగలేదు. మూడో రోజుకే సంచిలో వేసుకుని నూకాలమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"లెన్సు బాగైంది, ఈసారి తప్పు రాదు. ఒక్కసారి వెనక్కి తిరగమని ఎర్రయ్యకి చెప్పండి," అని బతిమాలాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అదెలాగవుతాదమ్మా? ఎనక్కి సూసేది ఒక్కపాలే. సూడాల్సింది సూసీసినాడు. ఎల్లినప్పుడల్లా ఎనక్కి సూత్తే ఏట ఎప్పుడు సేత్తాడు?"

బోటు బయల్దేరింది. నేను రింగు చివరిదాకా తిప్పాను. మూడో కెరటం దాటింది. ఎవరూ తిరగలేదు. నాలుగు వీపులు, వాటి అవతల సముద్రం, ఇంకా అవతల ఎవరిదో చిన్న తెప్ప, అన్నీ పదునుగా పడ్డాయి. ముఖం ఒక్కటీ లేదు. సిగ్గుపడుతూనే ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చాను.

నూకాలమ్మ ఈసారి కళ్ళజోడు అడగలేదు. రెండో వీపు మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఈడే."

"ఎలా తెలిసిందమ్మా?"

"బాగుంది సంబడం! నా కొడుకు ఈపు నాకు తెల్దేటి? సిన్నప్పుడు రోజూ తోమినాను." గోడమీద మేకు వెతుక్కుంటూ, "ముకం ఆడు ఇంటికొత్తే సూసుకుంటాను. ఇది కడతాను," అంది.

ఆ ఫొటో ఇప్పుడు ఆవిడ ఇంట్లో ఉంది. తవిటయ్య గారు కూడా ప్రింటు చూశారు. మర్నాడు ఇంకో బోటు పూజకి నన్నే వెళ్ళమన్నారు, స్టూడియో పొడుగు లెన్సు కావాలా అని కూడా అడగలేదు.

ఇప్పుడు నీకు జవాబు. నేను రాను అన్నయ్యా. వస్తానని చాలాసార్లు అనుకున్నాను, సంచి కూడా రెండుసార్లు సర్దాను. వస్తే నీ చోట్లో మళ్ళీ నేనే కూర్చుంటాను. అది నావల్ల కాదు. ఆ గది ఇచ్చెయ్యాలో ఉంచుకోవాలో నన్ను అడగకు. అడిగి తీరాల్సిన మనిషివి నువ్వొక్కడివే, నిన్నే ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నువ్వు ఏం చేసినా నాకు సమ్మతమే. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, ఫోన్ చేసే తిట్టు, కొట్లో జనం ఉన్నా సరే. నేను పెట్టెయ్యను.

ఒక్క పని చేసిపెట్టు. పొట్లంలో యాభై లెన్సు ఉంది. దాంట్లోంచి నాన్న పెట్టిన పొరలు తియ్యలేదు. నా కెమెరాకి అది గుడ్డిది, నాన్న కెమెరాకి సరైనది. పక్కన ఒక ఫిల్ము రోలు పెట్టాను, అది ఎక్కించడం వదినావాళ్ళ చిన్నన్నయ్యకి వచ్చు. స్టూడియోలో అద్దాల బీరువా పై అరలో నాన్న కెమెరా ఉంటుంది. పట్టీకి ముడి ఉంటుంది, విప్పేసుకో. అది నా కొలతకి వేసిన ముడి, నీకు పొట్టి. లెన్సు తగిలించి, మెడలో వేసుకుని, రోడ్డు దాటి అవతల నిలబడి మన స్టూడియోని ఫొటో తియ్యి. కన్ను చికిలించక్కర్లేదు. రింగు చివరిదాకా తిప్పి నొక్కు. ఆ కెమెరాలో దూరం బాగా కనబడుతుంది.

అమ్మ పాదాలకి నమస్కారాలు. వదినకి నా ప్రేమ, చిన్నాడికి ముద్దులు. మావయ్యకి, అత్తయ్యకి నేను తలుచుకున్నానని చెప్పు. నాకు ఒంట్లో బాగానే ఉంది, నీళ్ళు క్యాన్ నీళ్ళే. నీ ఆశీస్సులు అడిగే ముఖం ఈసారి లేదు. అయినా చెల్లెల్ని కాబట్టి అడుగుతున్నాను.

ఇంక పొట్లం విప్పు.

నీ చెల్లెలు,
పద్మ